లద్దాఖ్ గ్రూప్ టూరు: చూసే చోట్ల కంటే పడుకునే చోట్ల వరస ముఖ్యం

ప్రశ్న క్లుప్తంగా: జులై రెండో వారంలో హైదరాబాద్ నుంచి లేహ్‌కు విమానంలో ఆరు రాత్రుల గ్రూప్ టూరు. నాన్నగారికి 63 ఏళ్లు, బీపీ, షుగరు ఉన్నాయి. అమ్మగారికి 58. అమెరికా పౌరసత్వం ఉన్న అక్క ఢిల్లీలో కలుస్తారు. ఏజెన్సీ ఇచ్చిన ప్లాన్ ఇది: మొదటి రోజు సాయంత్రం శాంతి స్తూపం, రెండో రోజు ఖార్దుంగ్ లా కనుమ మీదుగా నుబ్రా లోయ, మూడో రోజు పాంగాంగ్ సరస్సు, నాలుగో రోజు తిరిగి లేహ్, ఐదో రోజు షే, థిక్సే, హేమిస్ గొంపాలు (బౌద్ధ మఠాలు), ఆరో రోజు ఆల్చి, లామయూరు, ఏడో రోజు తిరుగు విమానం. ఇంకా రెండు నెలల సమయం ఉంది, ప్లాన్ బాగుందా, ఏమేం సిద్ధం చేసుకోవాలి?

సమాధానం:

చూడాల్సినవన్నీ ప్లాన్‌లో ఉన్నాయి, వరసే తలకిందులుగా ఉంది. మిగిలిన డబ్బు కట్టకముందే దీన్ని మార్పించుకోండి. కట్టేశాక "గ్రూపంతా ఇదే వెళ్తోందండీ" అన్న జవాబే వస్తుంది.

లేహ్ ఊరు సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఢిల్లీ నుంచి గంటన్నర లోపే అక్కడ దింపేస్తారు. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మనకు అలవాటైన దాంట్లో దాదాపు మూడింట రెండు వంతులు. ఖార్దుంగ్ లా మీద అది సగానికి వస్తుంది. కనుమ మీద బోర్డు ఏ అంకె చెప్పినా దాని అసలు ఎత్తు 5,359 మీటర్లు. ఒంటికి ఈ మార్పు అలవాటు కావాలంటే రోజులు పడుతుంది, మందులు ఆ పనిని కాస్త తొందర పెడతాయంతే. చాలామంది మోసపోయేది ఎక్కడంటే, దిగగానే ఏమీ అనిపించదు. ఎండ బాగుంటుంది, కొండలు అందంగా ఉంటాయి, "మనకేం కాలేదు" అనుకుని మధ్యాహ్నమే బజారు తిరుగుతారు. తలనొప్పి, వికారం, నీరసం సాధారణంగా 6 నుంచి 12 గంటల తర్వాత, అంటే మొదటి రాత్రి మొదలవుతాయి. మర్నాడు పొద్దున్నే ఖార్దుంగ్ లా ఎక్కించే ప్లాన్ సరిగ్గా ఆ తలనొప్పి మీదే కారెక్కిస్తుంది. లేహ్ చేరాక కనీసం 48 గంటలు విశ్రాంతి తీసుకోమని అక్కడి యంత్రాంగం ఎప్పట్నుంచో చెబుతోంది. ఏజెన్సీతో వాదించాల్సి వస్తే ఆ మాటే ముందు పెట్టండి.

కొండ వైద్యంలో లెక్క పగలు ఎంత ఎత్తు ఎక్కామన్నది కాదు, రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నామన్నది. 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. ఈ కొలతతో మీ ప్లాన్‌లోని రాత్రులు చూడండి. నుబ్రాలో హుందర్, దిస్కిత్ 3,100 మీటర్ల చిల్లర, అంటే లేహ్ కంటే తక్కువ. ఆల్చి కూడా అంతే. పాంగాంగ్ ఒడ్డు మాత్రం 4,200 మీటర్ల పైన. నుబ్రా నుంచి పాంగాంగ్‌కు ఒక్క రోజులో పడక వెయ్యి మీటర్లు పైకి పోతుంది. ఆరు రాత్రుల టూర్లలో జనం ఎక్కువగా ఇబ్బంది పడేది ఆ ఒక్క రాత్రే.

నా సలహా వరస ఇది. మొదటి రోజు హోటల్ గది, మంచం, కిటికీ. అంతే. శాంతి స్తూపం కొట్టేయండి. రెండో రోజు మధ్యాహ్నం దాకా విశ్రాంతి, సాయంత్రం లేహ్ బజార్లో చదునైన చోట అరగంట నడక. స్తూపానికి కారు పైదాకా వెళ్తుంది కాబట్టి ఆ సాయంత్రం చూసుకోవచ్చు, మెట్లదారి వద్దు. మూడో రోజు ఆల్చి, లికిర్, మళ్లీ లేహ్‌కే. దారి సింధు నది వెంట కిందికి పోతుంది కనుక ఒంటికి తేలిక. నాలుగో రోజు ఖార్దుంగ్ లా దాటి నుబ్రా. ఐదో రోజు నుంచి మీ కుటుంబం కోసం రెండు దారులు. అందరూ హుషారుగా ఉంటే ష్యోక్ నది దారిన పాంగాంగ్ వెళ్లి అక్కడ ఒక్క రాత్రి, ఆరో రోజు చాంగ్ లా మీదుగా లేహ్. అమ్మానాన్నల్లో ఎవరికైనా కాస్త తేడాగా ఉన్నా నుబ్రాలోనే రెండో రాత్రి ఉండిపోయి, తుర్తుక్ ఊరు చూసుకుని, ఆరో రోజు వచ్చిన దారిన లేహ్. పాంగాంగ్ పోయిందని బాధ ఉంటుంది, నిజమే. కానీ చలికీ ఆయాసానికీ రాత్రంతా కూర్చునే చోట సరస్సు అందం ఎవరికీ గుర్తుండదు.

చాంగ్ లా దారిలో ఇంకో లాభం ఉంది. ఆ రోడ్డు కారు అనే ఊరి దగ్గర సింధు లోయలోకి దిగుతుంది. అక్కణ్నుంచి లేహ్ వచ్చే దారిలోనే థిక్సే, షే ఉంటాయి. హేమిస్ నదికి అవతలి పక్క, కొద్ది దూరం. పాంగాంగ్‌లో పొద్దున 7కి బయల్దేరితే మధ్యాహ్నానికి కారు ఊరు చేరతారు, థిక్సే తాపీగా చూడొచ్చు. కాబట్టి గొంపాల కోసం విడిగా ఒక రోజు ఖర్చు చేయక్కర్లేదు. లామయూరు మాత్రం వదిలేయండి. లేహ్ నుంచి వంద కిలోమీటర్లకు పైనే, పోను రాను ఒకే రోజులో పెద్దవాళ్లకు నడుము పడిపోతుంది. టూరు ఎనిమిది రాత్రులకు పెంచగలిగితే ఒక రాత్రి ఆల్చిలో, ఒకటి అదనంగా నుబ్రాలో పెట్టండి. ఈ రెండు రాత్రుల ఖర్చు మిగతా ఏ "అప్‌గ్రేడ్" కంటే మేలు.

ష్యోక్ దారి గురించి ఒక మాట. జులై, ఆగస్టుల్లో ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి వాగులు రోడ్డు మీదికి వస్తాయి. ఉదయం మడమ లోతు ఉన్న వాగు మధ్యాహ్నం మూడింటికి కారు ఇంజన్ ముంచేలా ఉండొచ్చు. హుందర్ నుంచి 7కల్లా కదలాలి. గ్రూపులో ఒక్కరు టిఫిన్ దగ్గర ఆలస్యం చేసినా మూల్యం అందరిదీ.

ఇక మందుల సంగతి. ఎసిటజోలమైడ్, మన షాపుల్లో డయామాక్స్. విమానంలో నేరుగా లేహ్ దిగేవాళ్లకు ఇది పనికొచ్చే మందే. మామూలు నివారణ మోతాదు 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, అంటే 250 బిళ్లలో సగం. విమానం ఎక్కే ముందు రోజు మొదలుపెట్టి, లేహ్ చేరాక మరో రెండు రోజులు. మీ ప్లాన్‌లో పాంగాంగ్ రాత్రి ఉంటే ఎన్నాళ్లు వేసుకోవాలో డాక్టరు చెబుతారు. రెండో సగం సాయంత్రం 5, 6 మధ్య వేసుకుంటే రాత్రి బాత్రూముకు లేవడం తగ్గుతుంది. వేళ్లూ పెదవులూ చిమచిమలాడటం, సోడా రుచి చప్పగా అనిపించడం ఈ మందు గుణమే, భయపడక్కర్లేదు. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

నాన్నగారి విషయంలో ఫ్యామిలీ డాక్టరుతో ఇవి తప్పకుండా మాట్లాడండి. ఆయన బీపీ మాత్ర పేరు చివర "హెచ్" ఉంటే అందులో నీళ్లు పోగొట్టే మందు కలిసి ఉన్నట్టు. దానికి డయామాక్స్ తోడైతే ఒంట్లో పొటాషియం పడిపోవచ్చు. ఎత్తులో మొదటి కొన్ని రోజులు బీపీ కాస్త పెరగడం మామూలే, ఆ అంకె చూసి ఎవరికి వారు మాత్ర రెట్టింపు చేసుకోకూడదు. షుగరుకు గ్లిమెపిరైడ్ రకం మాత్రలు వాడుతుంటే జాగ్రత్త ఇంకోటి: ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, తిండి తగ్గి మాత్ర మాత్రం అలాగే పడితే షుగరు దిగిపోతుంది. ఆ నీరసాన్ని ఎత్తు ప్రభావమనుకుని పడుకోబెడతారు. జేబులో బెల్లం ముక్కో గ్లూకోజో ఉండాలి. గ్లూకోమీటర్‌ను కోటు లోపలి జేబులో వెచ్చగా ఉంచాలి, చలిలో అది తప్పు చూపిస్తుంది. ఇన్సులిన్ అయితే గడ్డకట్టనివ్వకూడదు. ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ టూరుకు డాక్టరు రాతపూర్వకంగా సరేనంటేనే రావాలి. గ్రూపులో సికిల్ సెల్ ఉన్నవాళ్లెవరైనా ఉంటే ఈ ఎత్తు నిజంగా ప్రమాదం, మన గిరిజన (ఏజెన్సీ) ప్రాంతాల కుటుంబాలు ఇది ముందే గుర్తుపెట్టుకోవాలి.

కర్పూరం మూట గురించి ఎవరో ఒకరు చెబుతారు. వాసనకు ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ ఒక్క పాయింటు పెరగదు. హోమియో కోకా చుక్కలూ అంతే. బజార్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాలది ఇంకో కథ. 6 లీటర్ల డబ్బాను నిమిషానికి 2 లీటర్ల చొప్పున పీలిస్తే మూడు నిమిషాల్లో ఖాళీ. ఆ మూడు నిమిషాలు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్లీ మొదటికే. వీటిని విమానంలో తీసుకెళ్లనివ్వరు కూడా. ప్రతి కారులో రెగ్యులేటరూ మాస్కూ ఉన్న వైద్య సిలిండర్ ఉందా, దాన్ని తిప్పడం డ్రైవరుకు వచ్చా అని ఏజెన్సీని అడగండి.

వేలి ఆక్సీమీటర్ ఒకటి కొనుక్కోండి, కానీ దానికి బానిస కావద్దు. లేహ్‌లో మొదటి రోజు 85 నుంచి 90 మధ్య అంకె ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కనిపిస్తుంది. ఊళ్లో ఈ అంకెకు అంబులెన్సు పిలుస్తాం, అక్కడ టీ తాగి కూర్చుంటాం. చెయ్యి చల్లగా ఉన్నా, గోళ్లకు రంగున్నా తప్పు చూపిస్తుంది. రుద్ది వెచ్చబెట్టి ఒక నిమిషం ఆగి చూడాలి. రాత్రి పక్కన పడుకున్నవాళ్లు కొన్ని క్షణాలు ఊపిరి ఆపి, ఒక్కసారి గట్టిగా పీల్చుకోవడం చూస్తే గుండె గుభేలుమంటుంది. ఎత్తులో నిద్రకు అది మామూలు.

మామూలు కానివి ఇవి, గ్రూపులో అందరికీ తెలియాలి. కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, పడుకుంటే ఊపిరాడకపోవడం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనడానికి గుర్తులు. తూలుతూ నడవడం, మాట తడబడటం, అడిగినదానికి పొంతన లేని జవాబు మెదడు వాచుతోందనడానికి గుర్తులు. అనుమానం వస్తే నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు ఆనించి పది అడుగులు నడవమనండి. తూలితే అర్ధరాత్రయినా కారు తీయాలి. పాంగాంగ్‌లో ఇలా జరిగితే చాలామంది డ్రైవర్లు అలవాటుకొద్దీ లేహ్ వైపు తిప్పుతారు. ఆ దారిలో 5,300 మీటర్లు దాటిన చాంగ్ లా ఎక్కాలి, రోగిని కిందికి దించాల్సిన సమయంలో ఇంకా పైకి ఎక్కించడమే. తాంగ్‌చే మీదుగా ష్యోక్ దారిన నుబ్రా వైపు వెళ్తే మధ్యలో పెద్ద కనుమ లేదు, పోయేకొద్దీ ఎత్తు తగ్గుతుంది. వాగులు దాటగలిగితే, ఆక్సిజన్ చాలినంత లేకపోతే ఆ దారే మేలు. తాంగ్‌చేలో ఆరోగ్య కేంద్రం, దిస్కిత్‌లో ఆసుపత్రి ఉన్నాయి. లేహ్‌లో అయితే సోనమ్ నర్బూ స్మారక ఆసుపత్రి, అక్కడివాళ్లు ఎస్‌ఎన్‌ఎం అంటారు. మొదటి రాత్రి తలనొప్పికి పారాసిటమాల్ వేసుకుని కూడా తగ్గకపోతే అక్కడికి వెళ్లి గంటసేపు ఆక్సిజన్ పెట్టించుకోవడంలో నామోషీ ఏమీ లేదు. నిద్రమాత్రలు, మద్యం రెండూ మొదటి రెండు రోజులు నిషిద్ధం.

గైడెడ్ టూరు అన్నారు కాబట్టి ఆ గైడు ఎవరో కనుక్కోండి. మన దగ్గర్నుంచి వెళ్లే చాలా గ్రూపుల్లో హైదరాబాద్ నుంచి వచ్చే టూర్ మేనేజరు ఒక్కరే ఉంటారు. భోజనం, గదులు చూసుకోవడంలో వాళ్లు సమర్థులే. గొంపాలో మాత్రం "ఇది బుద్ధుడి విగ్రహం, పది నిమిషాల్లో బస్సు దగ్గరికి రండి" అంటారు. ఆల్చి, థిక్సే, దిస్కిత్ ఈ మూడు చోట్లకైనా లద్దాఖీ గైడును అడిగి పెట్టించుకోండి. గ్రూపు మొత్తం పంచుకుంటే తలకు పెద్ద ఖర్చు కాదు.

ఎదురుచూసే ఈ రెండు నెలల్లో గొంపా గోడల్ని చదవడం కొంచెం నేర్చుకుంటే ఆ ఖర్చు పది రెట్లు గిట్టుబాటవుతుంది. గుమ్మం పక్కన నలుగురు దిక్పాలక రాజులు, భవచక్రం (జనన మరణాల చక్రం బొమ్మ) ఉంటాయి. లోపల శాక్యముని, రాబోయే బుద్ధుడు మైత్రేయుడు, పదకొండు తలల అవలోకితేశ్వరుడు, మీసాలతో పద్మసంభవుడు. ఈ నలుగురినీ గుర్తుపడితే సగం గోడ అర్థమైనట్టే. ఒక భిక్షువు తల వెనక పాములు పడగలు విప్పి కనిపిస్తే ఆయన నాగార్జునుడు, మన శ్రీపర్వతం, నాగార్జునకొండలతో ముడిపడిన ఆచార్యుడే. కాలచక్రం అనే బౌద్ధ తంత్ర బోధ మొదట జరిగింది ధాన్యకటకంలో, అంటే అమరావతిలో అని టిబెటన్ సంప్రదాయం. అందుకే దలైలామా 2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చారు, 2014 జులైలో అదే దీక్ష లేహ్‌లో జరిగింది. బయల్దేరే ముందు ఒక ఆదివారం అమరావతి మ్యూజియమో నాగార్జునకొండో చూసి వెళ్లండి. లద్దాఖ్‌లోని చోర్తెన్‌లు (స్తూపాలు) పరాయివిగా అనిపించవు.

ఆల్చికి తక్కువలో తక్కువ గంటన్నర ఇవ్వండి. ఏజెన్సీలు ఇచ్చేది ఇరవై నిమిషాలు, ఎందుకంటే బయటినుంచి అది ఎత్తయిన గొంపా కాదు, ఫొటోకు పనికిరాదు, లోపల ఫొటోలు తీయనివ్వరు. మూడంతస్తుల సుమ్‌చెక్ గుడిలో నిలుచున్న ముగ్గురు భారీ బోధిసత్వులుంటారు. వాళ్ల పంచెల మీది బొమ్మలు చూడాలి: అవలోకితేశ్వరుడి పంచె మీద కాశ్మీర రాజభవనాలు, గుళ్లు, మైత్రేయుడి పంచె మీద బుద్ధుడి జీవితం, మంజుశ్రీ పంచె మీద 84 మంది సిద్ధులు. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల నాటి రంగులు. లోపల చీకటి, కళ్లు అలవాటు పడటానికే ఐదు నిమిషాలు పడుతుంది. థిక్సేలో రెండంతస్తుల ఎత్తున్న మైత్రేయుడు పాతది కాదు, 1970లో దలైలామా వచ్చిన గుర్తుకు కట్టింది. అయినా ఆ ముఖం ముందు నిలబడాల్సిందే. ఉదయపు ప్రార్థనకు వెళ్లాలంటే 6 గంటలకే అక్కడుండాలి, గ్రూపు టూర్లలో అది కుదరడం అరుదు. దిస్కిత్‌లో ఆరుబయట 32 మీటర్ల మైత్రేయుడు, 2010లో ప్రతిష్ఠించారు. హేమిస్ ఉత్సవం టిబెటన్ పంచాంగం ఐదో నెల పదో రోజున, ఏటా జూన్ జులైల మధ్య మారుతుంది. మీ తేదీల్లో పడితే గదుల ధరలు, రద్దీ రెండూ పెరుగుతాయి. పన్నెండేళ్లకోసారి విప్పే పెద్ద తంగ్కా (బట్ట మీది బౌద్ధ చిత్రం) మాత్రం 2016లో విప్పారు, మళ్లీ 2028లోనే.

చోర్తెన్‌నూ మణి గోడనూ (మంత్రాలు చెక్కిన రాళ్ల గోడ) కుడిచేతి వైపు ఉంచుకుని నడవాలి, మన ప్రదక్షిణ లాగే. చెప్పులు, టోపీ తీసేయాలి. భిక్షువుల ఆసనాల మీద కాళ్లు నొప్పని కూర్చోకూడదు, ఇది మనవాళ్లు తరచూ చేసే పొరపాటు. ముఖానికి గుడ్డ కప్పిన ఉగ్రదేవతను "కాళీమాత" అని కొబ్బరికాయ కొట్టబోతారు, స్పితుక్ గొంపాలో ఇది రోజూ జరిగే తంతు. ఆయన వజ్రభైరవుడు. దండం పెట్టి ఊరుకుంటే చాలు. ఎదురైనవాళ్లతో "జూలే" అనండి, అది లద్దాఖీ నమస్కారం.

తిండికి ఇబ్బంది లేదు. లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కుక్కరు లేకుండా అన్నం, పప్పు సరిగా ఉడకవు. గ్రూపుతో వంటవాళ్లు వస్తుంటే కుక్కరు తెస్తున్నారా అని అడగండి. కందిపొడి, కారప్పొడి పట్టుకెళ్లండి, ఆకలి చచ్చినప్పుడు రెండు ముద్దలు దిగడానికి అదే సాయం. నూనె వేపుళ్లు రాత్రిపూట వద్దు. తుక్పా (నూడుల్స్ సూపు) వేడిగా, తేలికగా ఉంటుంది. నీళ్లు రోజుకు మూడు లీటర్లు చాలు, బిందెలకు బిందెలు తాగితే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది.

బట్టలు: జులైలో లేహ్ పగలు 25 డిగ్రీలు, పాంగాంగ్ రాత్రి సున్నాకు దగ్గర. ఒక లావు కోటు కంటే మూడు పొరలు మేలు: లోపల థర్మల్, మీద ఫ్లీస్, పైన గాలి ఆపే జాకెట్. చెవులు కప్పే టోపీ, చేతిగ్లవ్స్, ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్, యూవీ కళ్లద్దాలు, లిప్‌బామ్. బూట్లు ఇప్పుడే కొని వాడటం మొదలుపెట్టండి. అమ్మానాన్నలు రోజూ 40 నిమిషాల నడక, వారానికి మూడుసార్లు మెట్లు. ఇది ఎత్తు జబ్బును ఆపదు, గొంపా మెట్ల దగ్గర మాత్రం తేడా తెలుస్తుంది.

అక్క విషయం విడిగా చూడాలి. భారతీయులకు నుబ్రా, పాంగాంగ్‌లకు ఇన్నర్ లైన్ పర్మిట్ 2021లో తీసేశారు, పర్యావరణ రుసుము రసీదు, ఆధార్ ఉంటే చాలు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీయులకు ఇచ్చేది) ఉన్నా ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ తప్పదు. దాన్ని లేహ్‌లోని గుర్తింపు పొందిన ఏజెన్సీ ద్వారానే తీసుకోవాలి. పాస్‌పోర్టు, ఓసీఐ కాపీలు ఇప్పుడే పంపండి. "కార్డుంది కదా, అక్కర్లేదు" అని టూర్ మేనేజరు అంటే నమ్మొద్దు, చెక్‌పోస్టు దగ్గర కారు ఆగిపోతుంది. ఫోన్లకు పోస్ట్‌పెయిడ్ సిమ్ కావాలి, మన రాష్ట్రాల ప్రీపెయిడ్ అక్కడ పనిచేయదు. పాంగాంగ్ వైపు నగదే గతి.

ఏజెన్సీకి ఈరోజే పంపాల్సినవి ఇవి: ప్రతి రాత్రి బస ఊరు, ఎత్తు. కారు ఏది, ఎంతమంది. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ అయితే వెనక వరస రోజూ మారాలి, అక్కడ కూర్చున్నవాళ్లకే వాంతులు. లేహ్ హోటల్లో కింది అంతస్తు గది. ఒకరికి బాగాలేక లేహ్‌లోనో నుబ్రాలోనో ఆగిపోతే వాళ్లకు విడి కారు, గది ఖర్చు ఎవరిది. లేహ్ విమానాలు ఎక్కువగా ఉదయమే తిరుగుతాయి, గాలి, మబ్బు ఎక్కువైతే ఆ రోజుకు రద్దు. అందుకే ఢిల్లీ నుంచి హైదరాబాద్ టికెట్ అదే మధ్యాహ్నానికి కాకుండా మర్నాటికి తీసుకోండి. లేహ్ విమానం రద్దయితే అదనపు రాత్రి గది ఎవరు భరిస్తారో ఫోన్లో మాటగా కాకుండా మెయిల్లో రాయించుకోండి.